జమ్ము ఆకుని అడ్డంగా కోస్తే

నా ఉద్యోగమే కోయటం. చికాగో శివార్లలో ఒక ఆసుపత్రి ల్యాబులో 11 ఏళ్ళుగా హిస్టాలజీ టెక్నీషియన్‌ని. ఆపరేషన్ గదిలోంచి వచ్చిన కండముక్కని మైనంలో పోసి గడ్డకట్టించి, ఐసు మీద చల్లబరిచి, మైక్రోటోము మీద 4 మైక్రాన్ల మందాన పొరలు తీస్తాం. ఆ పొరల్ని గోరువెచ్చటి నీళ్ళ మీద తేలేసి, గాజుపలక మీదకి ఎత్తుకుని రంగు వేస్తాం. చూసి ఇదేమిటో చెప్పాల్సింది డాక్టరుగారు, మేం కాదు. అయినా ఇన్నేళ్ళు అదే పని చేసిన కళ్ళు ఊరుకోవు. పలక ఎత్తుతున్నప్పుడే ఇది కాలేయం, ఇది థైరాయిడ్ అని తెలిసిపోతూ ఉంటుంది. బయటికి ఒకేలా కనపడే రెండు ముక్కలు అడ్డంగా కోసి చూస్తే రెండు వేరే ఊళ్ళలా ఉంటాయి.

శనాదివారాల్లో మాత్రం నేను కోసేది జమ్ము, చెరువుల్లో, చిత్తడి నేలల్లో పెరిగే పొడుగాకుల మొక్క.

మాది కైకలూరు దగ్గర పల్లె. కొల్లేరు మాకు పెరటి చెరువు లాంటిది. తాతయ్య దోనె మీద వెళ్ళి జమ్ము కోసుకొచ్చి గట్టు మీద ఎండేసేవారు, గొడ్లపాక కప్పుకి. పిల్లలం ఆ ఆకులు పట్టుకుని కత్తియుద్ధాలు ఆడేవాళ్ళం. ఎండిన కంకి చిదిపితే దూదిలా లేచి జుట్టంతా అంటుకునేది, అమ్మమ్మ తిడుతూ దులిపేది. నేను ఇక్కడికి వచ్చిన మొదటి వేసవిలో, హైవే పక్క మురుగుకాలవలో గోధుమరంగు కంకులు వరసగా నిలబడి కనపడితే "ఏవండీ, జమ్మండీ!" అని అరిచాను. మా ఆయన ఏదో అయిందనుకుని కారు పక్కకి తీశారు. ఇక్కడ దాన్ని క్యాట్‌టెయిల్ అంటారని, పిల్లి తోక అని, అప్పుడే తెలిసింది.

అది అంతా ఒకటే జమ్ము కాదని తెలియటానికి ఇంకో పదేళ్ళు పట్టింది.

మా ఇంటికి 20 నిమిషాల దూరంలో ఒక చిత్తడి నేల ఉంది. ఒకప్పుడు తుంగజాతి గడ్డితో, నీలం ఐరిస్ పూలతో, కప్పల అరుపులతో నిండి ఉండేదట. ఇప్పుడు ముప్పాతిక భాగం జమ్మే. దాన్ని మళ్ళీ దారికి తేవటానికి కొంతమందిమి వారాంతాల్లో వెళ్ళి పని చేస్తాం. అక్కడ పెరిగేవి మూడు. ఒకటి వెడల్పాకు జమ్ము, టైఫా లాటిఫోలియా. అది ఈ నేలదే, ఎప్పట్నించో ఇక్కడ ఉన్నది, పక్కవాళ్ళతో సర్దుకుని బతికేది. రెండోది సన్నాకు జమ్ము, టైఫా అంగుస్టిఫోలియా. అది యూరప్ నించి వచ్చిందని పరిశోధకుల్లో ఎక్కువమంది మాట. ఈ రెండూ ఒకేచోట పూస్తే పుట్టేది మూడోది, సంకర జమ్ము, టైఫా గ్లాకా. 1844లో గొద్రోఁ అనే ఫ్రెంచి వృక్షశాస్త్రజ్ఞుడు దానికి ఆ పేరు పెట్టాడు. ఎక్కువగా సన్నాకు జమ్మే దీనికి తల్లి, వెడల్పాకుది తండ్రి. బిడ్డ ఇద్దర్నీ మించి ఎదుగుతుంది. బురదలో దుంప పాకించుకుంటూ, ఏటేటా ఎండాకు చెత్త పోసుకుంటూ పోతుంది. మోకాలి లోతు పేరుకునే ఆ చెత్త కింద వెలుతురు అందక మిగతా మొక్కలు మొలవటం మానేస్తాయి. మిచిగన్ సరస్సు దక్షిణపు ఒడ్డున, ఇండియానా డ్యూన్స్ నేషనల్ పార్కులో కౌల్స్ బాగ్ అని ఒక పేరున్న చిత్తడి ఉంది. మొక్కల సముదాయాలు కాలక్రమంలో ఎలా మారతాయో ఆ ఇసుకదిబ్బల మీద తిరిగి తెలుసుకున్న హెన్రీ కౌల్స్ పేరు దానికి పెట్టారు. అంతటి చోటుని కూడా జమ్ము ఆక్రమించింది, పార్కువాళ్ళు ఏళ్ళ తరబడి దాన్ని తీస్తూ స్థానిక మొక్కల్ని మళ్ళీ నాటుతున్నారు.

కాబట్టి మా పని తేలికే అనిపిస్తుంది. సన్నాకుదీ, సంకరానిదీ తియ్యాలి. వెడల్పాకుదాన్ని ఉంచాలి.

2018 మే నెలలో నేను చేసిన తప్పు చెబుతాను. అప్పటికి నాకు తెలిసింది ఒక్కటే: ఆకు వెడల్పు. ఆ రోజు ఎర్రజెండాలు పాతే పని నాకు ఇచ్చారు. ఎర్రజెండా ఉన్న దుబ్బుని వెనక వచ్చేవాళ్ళు తీసేస్తారు. చెట్ల నీడ పడే ఒక మూల, 40 పిలకల దాకా ఉన్న ఒక దుబ్బు. స్కేలు పెట్టి చూశాను. ఆకులు 10, 11 మిల్లీమీటర్లు. సన్నాకుదే అనుకున్నాను. జెండా పాతాను. సాయంత్రానికి అది లేదు.

జూన్ చివర్లో అదే మూల, దుంప తెగి మిగిలిపోయిన ఒకే ఒక్క పిలక కంకి వేసింది. మగ కంకి, ఆడ కంకి మధ్య సందు లేదు, ఒకదాని మీద ఒకటి ఆనుకుని ఉన్నాయి. పుప్పొడి కాగితం మీద దులుపుకుని ఇంటికి తెచ్చి మైక్రోస్కోపు కింద పెట్టాను. రేణువులు నాలుగు నాలుగుగా అంటుకుని ఉన్నాయి, ఎక్కడ చూసినా నాలుగే. ఈ మూడింటిలో వెడల్పాకు జమ్ముకి తప్ప అలా ఉండదు. నేను తీయించింది ఆ మొత్తం చిత్తడిలో మిగిలిన కొద్ది అసలు దుబ్బుల్లో ఒకటి. ఆ రాత్రి మా ఆయనతో కూడా చెప్పలేకపోయాను. ఎన్నో ఏళ్ళుగా, బహుశా నేను పుట్టకముందు నించీ ఆ మూల బతికిన దుంప అది.

తర్వాత చదివితే అర్థమైంది. తాజా ఆకు వెడల్పు వెడల్పాకుదానికి 10 నించి 23 మిల్లీమీటర్లు, సన్నాకుదానికి 4 నించి 12. అంటే 10కీ 12కీ మధ్య ఇద్దరూ ఉంటారు. సంకరం సరిగ్గా ఆ మధ్యనే మొదలై రెండు వైపులా చేతులు చాపుతుంది. నీడలో ఉన్నా, పిలక లేతదైనా ఆకు సన్నబడుతుంది. ఎండితే మరీను. స్కేలు ఒక్కటే పట్టుకుని వెళ్ళకూడదు.

కంకి ఉంటే గొడవ లేదు. సన్నాకుదానికి మగ, ఆడ కంకుల మధ్య వేళ్ళు దూరేంత సందు ఉంటుంది, కాడ బోసిగా కనపడుతుంది. పుప్పొడి రేణువులు విడివిడిగా ఉంటాయి. సంకరానికి ఒంటివి, జంటలు, మూడేసి, నాలుగేసి అన్నీ కలగలిసి, మధ్యలో ముడుచుకుపోయిన తాలు రేణువులు కూడా కనపడతాయి. కానీ మేం పని చేసేది ఎక్కువగా ఏప్రిల్, మే నెలల్లో, మళ్ళీ అక్టోబరులో. అప్పుడు పుప్పొడి దొరకదు. పైగా పిలకల్లో చాలావాటికి ఆ ఏడాది కంకే రాదు. చేతిలో ఉండేది ఆకు ఒక్కటే.

ఆకు ఒక్కటే ఉంటే ఏం చెయ్యాలో నాకు తెలిసినంతగా మా బృందంలో ఎవరికి తెలుస్తుంది? రోజూ చేసే పనే కదా. ఈ మాట తట్టటానికి నాకు ఒక ఏడాది ఎందుకు పట్టిందో ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఆసుపత్రి సామాను ముట్టుకోలేదు. పాత స్టూడెంట్ మైక్రోస్కోపు ఒకటి కొన్నాను, 40 నించి 400 రెట్లు చూపించేది. కణాలకి వేసే రంగు, టోలుయిడిన్ బ్లూ, చిన్న సీసా, గాజుపలకలు, రెండువైపులా పదునుండే షేవింగు బ్లేళ్ళ పెట్టె. మైక్రోటోము అక్కర్లేదు. ఇంటర్ బైపీసీలో బోటనీ ప్రాక్టికల్స్ గుర్తున్నాయా? క్యారెట్టుకి గాటు పెట్టి, అందులో కాండం ముక్క ఇరికించి, రెండూ కలిపి బ్లేడుతో కోసేవాళ్ళం. లెక్చరరుగారు "తొయ్యకమ్మా, లాగు" అని వెనక నించి అనేవారు. ఆ మాటే ఇవాళ్టికీ నా చేతుల్లో ఉంది. బ్లేడుని తోస్తే ఆకు నలిగిపోతుంది, లాగితేనే తెగుతుంది.

జమ్ము ఆకుతో అది మరీ ముఖ్యం, ఎందుకంటే లోపలంతా గాలే. వేళ్ళ మధ్య నొక్కితే స్పాంజిలా దిగిపోతుంది. క్యారెట్టు గాటులో వదులుగా పెట్టి, బ్లేడుని నీళ్ళలో తడిపి, ఒక్క లాగుకి ఒక పొర. పది పొరలు తీస్తే రెండు పనికొస్తాయి. వాటిని బ్రష్షుతో ఎత్తి నీళ్ళ గిన్నెలో వేస్తే బల్లకట్టుల్లా తేలతాయి. అలాగే పలక మీద పెడితే గాలిబుడగలు నల్లటి వలయాలై ఏమీ కనపడనివ్వవు. రెండు నిమిషాలు ఆల్కహాలులో ముంచితే గాలి బయటికి పోతుంది. ఆ తర్వాత ఒక చుక్క రంగు, అర నిమిషం ఆగి, నీళ్ళతో కడిగి, పైన పల్చటి గాజు మూత.

మొదటిసారి చూసింది మాత్రం మర్చిపోలేను. 40 రెట్ల దగ్గర ఆకు అంచు నించి అంచు దాకా ఒక పొడవాటి రైలు బోగీ. పైన ఒక కప్పు, కింద ఒక నేల, మధ్యలో నిలువు గోడలు. గోడకీ గోడకీ మధ్య ఖాళీ గదులు. కప్పులోనూ నేలలోనూ చర్మం కిందే పచ్చటి కణాలు, వాటి మధ్య నాళాల కట్టలు బారుగా, ఒక్కోదాని నెత్తిన పీచు కణాల టోపీ. టోలుయిడిన్ బ్లూ ఆ గట్టి పీచుని ఆకుపచ్చ కలిసిన నీలంగానూ, పల్చటి కణగోడల్ని వంగపండు రంగులోనూ చూపిస్తుంది. గోడల్లో కూడా నాళాలు ఉన్నాయి, పెద్దదొకటి, చిన్నదొకటి. ఇంజనీర్లు వంతెనల్లో వాడే ఇనప దూలం అడ్డకోత సరిగ్గా ఇలాగే ఉంటుంది. రెండు మీటర్లు దాటిన ఆకు అంత తక్కువ సరుకుతో గాలికి నిలబడేది ఆ కట్టుబడి వల్లే.

కొన్ని గదులు ఖాళీగా లేవు. బ్లేడు సరిగ్గా ఒక అడ్డపొర మీదుగా వెళ్ళినచోట గది అంతా నక్షత్రాలే. ఒక్కో కణం చేతులు చాపి పక్క కణాల చేతులు పట్టుకుంది. ఆ చేతుల మధ్య సందుల్లోంచి గాలి వెళ్తుంది గానీ నీళ్ళు అంత తేలిగ్గా వెళ్ళవు. సంక్రాంతి ముగ్గులో చుక్కలు కలిపినట్టు ఉంటుంది ఆ అల్లిక. మా అమ్మాయిని పిలిచి చూపిస్తే, "అమ్మా, దీన్ని నువ్వు గీశావా?" అంది.

ఇంకో సంగతి మైక్రోస్కోపు లేకుండా కూడా చూడొచ్చు. జమ్ము ఆకుని రెండు చేతుల్తో పట్టుకుని మెల్లగా తెంపండి. తెగిన రెండు ముక్కల మధ్య సన్నటి దారాలు సాగి వేలాడతాయి. తామరతూడు విరిచినప్పుడు వచ్చే దారాల్లా ఉంటాయి గానీ అవి వేరు, ఇవి వేరు. తామరలోవి నీటి నాళాల గోడల్లోంచి విడివడిన సర్పిలాలు. జమ్ములోవి పీచు కణాల తాళ్ళు, గాలిగదుల మధ్యలోంచి, ఆ నక్షత్రాల పొరల్ని దాటుకుంటూ ఆకు పొడుగునా సాగేవి. 2014లో అలన్ విట్స్టమ్, రాండీ వేన్ అనే ఇద్దరు వీటి గురించి వివరంగా రాశారు: గుడారాన్ని తాళ్ళు బిగించి నిలబెట్టినట్టు ఈ తాళ్ళు ఆకుని లోపల నించి బిగిస్తాయని. చిన్నప్పుడు కత్తియుద్ధాల్లో మా ఆకులు వంగేవి గానీ ఊరికే విరిగేవి కావు. కారణం ఇన్నేళ్ళకి నా వంటింటి బల్ల మీద దొరికింది.

ఇక అసలు పని. ఈ లోపలి కట్టుబడి మూడింటిలోనూ ఉంది, కాబట్టి నక్షత్రాలు చూసో, దారాలు చూసో రకం చెప్పలేం. తేడా గది కొలతల్లో, మొత్తం ఆకారంలో ఉంది.

వెడల్పాకు జమ్ము అడ్డకోత నాలిక బద్దలా ఉంటుంది. పల్చగా, వెడల్పుగా, కొద్దిగా వంపు తిరిగి. గదులు ఎక్కువ, ఒక్కోటీ పొట్టి. సన్నాకుది సరిగ్గా శనగబద్ద. లోపలి ముఖం చదును, వెలుపలి ముఖం ఉబ్బు. గదులు తక్కువ, కానీ మధ్యలోవి నిలువుగా పొడుగు. ఇంతకు ముందు నేను స్కేలుతో కొలిచింది ఒక్క వెడల్పే. కొలవాల్సింది వెడల్పుని మందంతో పోల్చి. నీడలో పెరిగి సన్నబడిన వెడల్పాకుది సన్నబడ్డా శనగబద్ద అవదు, చిన్న నాలిక బద్దే అవుతుంది. 2018లో నేను తీయించిన ఆ దుబ్బులోంచి ఒక్క ఆకు కోసి చూసి ఉంటే, బ్లేడు కూడా అక్కర్లేదు, గోరుతో తుంచి అంచు వైపు నించి చూసినా తెలిసేది.

ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది, కొత్తగా మొదలుపెట్టినవాళ్ళు పొరపడేది అక్కడే. ఒకే ఆకు మొదట్లో లావు, మధ్యలో ఒకలా, చివర దాదాపు చదును. ఒకరి ఆకు మొదలునీ ఇంకొకరి ఆకు చివరనీ కోసి పోల్చితే ఏదైనా ఏదైనా అవుతుంది. నేను ఎప్పుడూ బాగా ఎదిగిన ఆకు తీసుకుని, తొడుగు ముగిసిన చోటు నించి చివరి దాకా కొలిచి, సగంలో కోస్తాను. మైనం దిమ్మెలో కండముక్కని ఏ వైపు తిప్పి పెట్టామో రాసుకోకపోతే డాక్టరుగారికి ఎలా పనికిరాదో ఇదీ అంతే.

రెండో గుర్తు తొడుగులో ఉంది. జమ్ము ఆకు కింది భాగం కాండాన్ని ఒరలా చుట్టుకుని ఉంటుంది కదా, ఆ ఒర ఎక్కడ ముగుస్తుందో చూడాలి. సన్నాకుదానికి అక్కడ రెండు వైపులా పల్చటి పొరతో చెవులు ఉంటాయి. వేసవి ముదిరేసరికి చిరిగిపోతాయి, అందుకే మే నెల మంచిది. వెడల్పాకుదానికి ఎక్కువగా చెవులుండవు, భుజాలు జారినట్టు ఒర మెల్లగా ఆకులో కలిసిపోతుంది.

మూడోది నాకు అన్నిటికన్నా ఇష్టమైనది. ఒరని విప్పి లోపలి ముఖం వెలుతురుకి పెట్టి 10 రెట్ల భూతద్దంతో చూడండి. చేతికి జిగురు తగులుతుంది, బెండకాయ కోసినట్టు. ఆ జిగురు ఊరే గ్రంథులు చర్మంలో సన్నటి గీతల్లా, చుక్కల్లా ఉంటాయి. వెడల్పాకుదానికి అవి రంగు లేకుండా ఉంటాయి, వెతికినా సరిగ్గా ఆనవు. సన్నాకుదానికి గోధుమరంగు. కానీ ఆ చుక్కలు ఒరతో ఆగిపోతాయి, పైనున్న ఆకు మీదకి రావు.

మరి సంకరం? అడ్డకోతలో నాలిక బద్దకీ శనగబద్దకీ మధ్య. ఉబ్బు ఉంటుంది గానీ లోతు తక్కువ. గదుల లెక్క మధ్య. ఒరలో గ్రంథులు లేత గోధుమరంగులో, కొన్నిచోట్ల ఆని కొన్నిచోట్ల ఆనక. ఆకు పొడవూ మొక్క ఎత్తూ మాత్రం మధ్యలో ఉండవు, ఇద్దర్నీ దాటతాయి. నేను ఒక్క గుర్తుతో ఎప్పుడూ జెండా పాతను. కోత ఆకారం, చెవులు, గ్రంథులు, ఎత్తు, నాలుగూ ఒక కార్డు మీద రాసుకుంటాను. నాలుగూ ఒకే వైపు చూపిస్తే సరే. రెండు ఇటు, రెండు అటు అయితే అది సంకరమై ఉండే అవకాశం ఎక్కువ.

అయినా ఇందులో ఒక గోడ ఉంది, దాన్ని బ్లేడుతో దాటలేం. సంకరం పూర్తిగా గొడ్డు కాదు. కొన్నిచోట్ల అది మళ్ళీ తల్లివైపో తండ్రివైపో కలుస్తుంది. అలా పుట్టింది అచ్చం వెడల్పాకుదానిలా నాలిక బద్ద చూపించొచ్చు. విస్కాన్సిన్‌లో దశాబ్దాలుగా జమ్ముల మీద పనిచేసిన గేలెన్ స్మిత్ తాను చేత్తో పుప్పొడి అద్ది చేసిన సంకరాల గురించి 1967లోనే రాశారు. ఈ కలగలుపు ఎంత చిక్కుగా ఉంటుందో అప్పటికే ఆయనకి తెలుసు. 2010లో పరిశోధకులు రెండు జాతులకీ విడివిడిగా పనికొచ్చే డీఎన్ఏ గుర్తులు పట్టుకుని ప్రచురించారు, మొదటి తరం సంకరమా, వెనక్కి కలిసినదా అనేది వాటితో తేలుతుంది. మాలాంటి వారాంతపు మనుషులకి ప్రతి దుబ్బుకీ డీఎన్ఏ పరీక్ష అయ్యే పని కాదు. కానీ ఆకు కోత అనుమానం లేనివాటిని పక్కకి తీసేస్తుంది. మిగిలిన నాలుగైదిటికి ఆకుముక్క సిలికా జెల్ సంచిలో ఎండబెట్టి ఉంచుతాం, ఏ విశ్వవిద్యాలయంవాళ్ళయినా అడిగితే ఇవ్వటానికి.

తీసే పద్ధతి కూడా ఆకు లోపలే రాసి ఉంది. ఆ గదులన్నీ ఊరికే బరువు తగ్గించటానికి కాదు. బురదలో ఉన్న దుంపకి ఊపిరి అందేది వాటిలోంచే. పచ్చటి ఆకులు గాలిని కిందకి నెడతాయి, అది దుంపదాకా వెళ్ళి ముదిరిన ఆకుల్లోంచీ విరిగిన వాటిలోంచీ బయటికి వస్తుంది. చచ్చి నిలబడ్డ కాడ కూడా గొట్టమే. అందుకే నీళ్ళ పైన కోస్తే మళ్ళీ చిగురిస్తుంది. పచ్చివీ ఎండువీ అన్నీ నీటి మట్టానికి కింద కోసి, నీళ్ళు తగ్గకుండా చూసుకుంటే దుంపకి ఊపిరాడదు. మందు కొట్టకుండా మేం తీసినవన్నీ అలా తీసినవే. మిన్నెసోటాలో వోయజర్స్ నేషనల్ పార్కువాళ్ళు కూడా నీళ్ళ మీద తేలే సంకర జమ్ము చాపల్ని తీసేస్తున్నారు, ఒజిబ్వే ప్రజలు మనూమిన్ అని పిలుచుకునే అడవి వరికి మళ్ళీ చోటివ్వటానికి. వరి తినేవాళ్ళింట్లో పుట్టినదాన్ని, ఆ మాట చదివినప్పుడు నాకు గొంతు పట్టేసింది.

పోయిన సంక్రాంతికి ఇంటికి వెళ్ళాను. నాన్నకి ఇప్పుడు మోకాళ్ళ నొప్పి, అయినా "కొల్లేరు చూపిస్తా రా" అని బండి తీయించారు. ఆటపాక దాటి లోపలికి వెళ్ళాం. గూడకొంగలు దిగుతున్నాయి. గట్టు పక్క జమ్ము నా నెత్తి మీదకి రెండింతలు. బ్లేడు, భూతద్దం సంచిలో పెట్టుకునే వెళ్ళాను. నేను ఒర విప్పుతూ కూర్చుంటే నాన్న నవ్వారు.

"ఏంటమ్మా, అంత దూరం నించి వచ్చి జమ్ము చూస్తావేంటి? జమ్ములో కూడా రకాలుంటాయా?"

"ఉంటాయి నాన్నా. ఇటు రా, ఇది చూడు."

కొల్లేటి జమ్ముని పాత పుస్తకాల్లో టైఫా అంగుస్టాటా అని రాశారు, ఇప్పుడు దాన్ని టైఫా డొమింజెన్సిస్‌లో కలిపేశారు. అమెరికాలో దక్షిణాదిన ఉండేదీ ఇదే. ఫ్లోరిడా ఎవర్‌గ్లేడ్స్‌లో, పొలాల నించి కొట్టుకొచ్చిన భాస్వరం తిని రంపపు గడ్డిని తరిమేసినదీ ఇదే. దీని గుర్తు గురించి చదివాను గానీ నా కళ్ళతో ఎప్పుడూ చూడలేదు. నాన్న భూతద్దం తీసుకుని కళ్ళజోడు పైకి నెట్టి చూశారు. ఒర లోపలంతా నారింజ కలిసిన గోధుమరంగు గీతలు, చీమలబారులా. ఒర ముగిసింది. గీతలు ఆగలేదు. ఆకు లోపలి ముఖం మీదకి జానెడు లోపు దాకా ఎక్కాయి. సన్నాకుదానికి ఒరతో ఆగిపోతాయని చెప్పాను కదా, దీనికి ఆగవు.

"ఇన్నేళ్ళు కోశాం," అన్నారు నాన్న కాసేపటికి, "లోపల చూసిందెవరు."

ఆకు తుంపి దారాలు కూడా చూపించాను. ఆయనకి అవి తెలుసు. చిన్నప్పుడు వాటిని లాగి ఎవరిది పొడుగ్గా వస్తుందో చూసేవారట. ఆ ఆట నాకు ఎవరూ నేర్పలేదు.

ఒక్క ఆకు కూడా వెంట తెచ్చుకోలేదు, పచ్చి మొక్కల్ని విమానంలో తీసుకురాకూడదు. అక్కడే అరుగు మీద కూర్చుని అడ్డకోత బొమ్మ పెన్సిలుతో గీసుకున్నాను, కింద నాన్న తేదీ వేశారు.

ఈ ఏప్రిల్‌లో మా చిత్తడిలో 31 దుబ్బులకి కార్డులు రాశాం. ముగ్గురు కొత్తవాళ్ళకి క్యారెట్టు, బ్లేడు ఇచ్చి నేర్పాను, "తొయ్యకండి, లాగండి" అని. 22 సంకరం, 5 సన్నాకుది. వెడల్పాకుదని అనుమానం లేకుండా తేలినవి 3, వాటికి నీలం జెండా, చుట్టూ తాడు. మిగిలింది ఒకటి. నీడ మూలలో, 2018లో నేను ఎర్రజెండా పాతిన చోటికి రెండడుగుల దూరంలో. కోత నాలిక బద్ద, చెవులు లేవు, ఒర లోపల మాత్రం రెండు చోట్ల లేత గోధుమరంగు చుక్కలు. అప్పుడు మిగిలిన ఆ ఒక్క పిలక దుంపే పాకి ఇక్కడ లేచిందో, గాలికొచ్చిన విత్తనమో.

దానికి ఏ జెండా పాతలేదు. పసుపు రిబ్బను కట్టి వచ్చాను. జూన్ మూడో వారం సెలవు పెట్టాను, కంకి వస్తే పుప్పొడి తెచ్చుకోవాలి.